మీసాలాయనకీ అదే ప్రశ్న

మందుల షాపు అత్తగారికి ఒక్కటే పిచ్చి. ముఖానికి రాసుకునే విటమిన్ ఏ క్రీమ్ ఎవరడిగినా సరే, ఆడా మగా చూడదు, వీధి చివరిదాకా వినపడేలా "కడుపుతో ఉన్నారా?" అని అడుగుతుంది.

పక్కనే నిలబడి మందులు అందించే కోడలికి తల కొట్టేసినట్టుండేది.

ఓ సాయంత్రం బుర్రమీసాల బస్సు డ్రైవరు వచ్చాడు, మొటిమల మచ్చలకని.

"కడుపుతో ఉన్నారా?"

"నేనా? ఇది ఉత్త బొజ్జేనండీ!"

షాపంతా ఘొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "రాత్రిపూటే రాయాలి. మొహం మొత్తానికీ బఠానీ గింజంత. మొదట్లో వారానికి రెండు రాత్రులు చాలు. పగలు సన్‌స్క్రీన్ తప్పదు."

"కాస్త దట్టంగా పట్టిస్తే తొందరగా పోవామ్మా?"

"పోతుంది, మచ్చ కాదు, తోలు! మచ్చలు తగ్గాలన్నా ముడతలు పలచబడాలన్నా నెలలు పడుతుంది. బస్సు నడిపేవాడివి, తొందరపడితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

ఇలాగైతే జనం నవ్వుకుంటూ ఎదురు షాపుకి పోతారని కోడలి బెంగ. 'ఇవాళ చెప్పేస్తాను. రేపట్నుంచి ఈవిడ లోపల సరుకు చూసుకోవాల్సిందే' అనుకుంది.

ఇంతలో బట్టల షాపులో పనిచేసే కొత్త పెళ్లికూతురు, తోటి అమ్మాయిలతో వచ్చి అదే క్రీమ్ అడిగింది.

"కడుపుతో ఉన్నావా?"

అందరితోపాటు ఆ పిల్లా నవ్వేసింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. వేళ్లు ముడిచి ఏదో లెక్కేసుకుని, "ఏమో... తెలీదండీ" అని గొణిగింది. డ్రైవరు బొజ్జ మీద ఇంకా సాగుతున్న నవ్వుల గోలలో ఆ మాట పక్కవాళ్లకి వినపడనే లేదు.

"అయ్యో, స్టాకైపోయిందమ్మా! మామూలు క్రీమ్ పట్టుకెళ్లు" అని అత్తగారు గట్టిగా అంది. వెనక అరనిండా ట్యూబులే! చిల్లర చేతిలో పెడుతూ మెల్లగా, "ముందు పరీక్ష చేయించుకో తల్లీ. డాక్టరమ్మ సరేననేదాకా ఆ క్రీమ్ జోలికి పోకు. బిడ్డకి మంచిది కాదు" అంది.

ఆ పిల్ల వెళ్లాక కోడలు అడిగింది. "అత్తయ్యా, ఆ అమ్మాయిని అడిగారు సరే. మీసాలాయన్నెందుకు?"

"ఆడపిల్లనొక్కదాన్నే అడిగితే అందరూ దాని పొట్ట వంక చూస్తారే. అందర్నీ అడిగితే నా మొహం వంక చూస్తారు. చూడనీ, నాకేం పోయింది?"

కోడలు గల్లా ముందున్న కుర్చీ దుమ్ము దులిపి, అత్తగారిని మహారాణిలా కూర్చోబెట్టింది.

అప్పుడే దగ్గు మందు కొనుక్కున్న తాతగారొకాయన కదలకుండా నిలబడ్డాడు.

"ఏం తాతగారూ, ఇంకేమన్నా కావాలా?"

"అందర్నీ అడుగుతోందిటగా మీ అత్తగారు! నన్నడగలేదేం?"

"మా అత్తయ్య ఊరికే అడగరండీ," అంది కోడలు తల ఎగరేసి. "ఆ క్రీమ్ కొంటేనే!"