మూడు వేళ్లు పట్టని నోరు

అండమాన్ దీవుల్లోని మాయాబందర్‌లో జ్ఞానవతి మాటకి ఎదురుచెప్పినవాడు లేడు. వారమంతా జెట్టీలో పడవ టికెట్లు ఇస్తుంది, ఆదివారం చర్చిలో తెలుగు పాటలు నడిపిస్తుంది. అక్కడి కుర్రకారుకి తెలుగు మాట్లాడడం వచ్చుగానీ అక్షరాలు రావు. అందుకని ఎదురుగా నిలబడి చరణం చరణం తనే పలికి, వాళ్లచేత పలికిస్తుంది. ఎవరి నోట్లో ఏ మాట నలిగిందో ఇట్టే పట్టేస్తుంది. లాజరస్ లాంటి మొద్దుగొంతుని దారిలో పెట్టింది ఆవిడే.

లాజరస్‌కి వక్కతోట ఉంది. తోటలో కన్నా బుగ్గలోనే వక్క ఎక్కువని పెళ్లాం దెప్పుతుంది. ఒక ఆదివారం సాధన మధ్యలో జ్ఞానవతి పాట ఆపించింది.

"లాజరస్, నోరు పూర్తిగా తెరువు."

"తెరిసే ఉంది కదా దీదీ."

"లేదు. కారం తగిలితే మండుతోందా?"

మండుతోంది. ఆ సంగతి అతను ఇంట్లో కూడా చెప్పలేదు. కిందటేడు జెట్టీ దగ్గర హెల్త్ క్యాంపులో నేర్పిన పరీక్ష ఒకటి ఆమె చేయించింది. మూడు వేళ్లు నిలువుగా కలిపి పళ్ల మధ్య పెట్టుకోవాలి. అతని నోట్లో రెండే పట్టాయి. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది లాజరస్‌కి.

"నాకొక్కడికేనేటి? నువ్వు నమల్డం లేదా? ముందు నీ నోరు సూపించు," అన్నాడు ఉక్రోషంగా.

నిజమే, టికెట్ కిటికీ వెనక కూర్చుని ఆవిడ రోజంతా సుపారీ నములుతుంది. ఇంకొకరైతే నాలుగు తిట్టి పాట అందుకునేవారు. జ్ఞానవతి మాత్రం అందరూ చూస్తుండగానే వేళ్లు నోట్లో పెట్టుకుంది. రెండో వేలు కూడా కష్టంగా దూరింది. ఇన్నేళ్లూ అందరి నోళ్లూ చూసిన మనిషి తన నోరు చూసుకోలేదు. ముఖం పాలిపోయింది, అయినా దాచుకోలేదు. అదీ గుండె అంటే.

"ఠీక్ హై. రేపు ఇద్దరం పోర్ట్ బ్లెయిర్ బస్సెక్కుదాం," అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇద్దరి బుగ్గలూ లోపలినుంచి తడిమింది. వక్క నమిలీ నమిలీ కండ మచ్చకట్టి, నారల్లా బిగిసిపోయిందని చెప్పింది. అలా గట్టిపడిన చోట క్యాన్సర్ పుట్టే భయం ఎక్కువట. పుడితే, పందిరి దొరికిన బీరతీగలా ఆ బిగిసిన నారలు పట్టుకుని పక్కలకి పాకుతుందట. ఇద్దరి బుగ్గల్లోంచీ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు.

లాజరస్‌ది ఉత్త బిగుతే. జ్ఞానవతి బుగ్గలో మాత్రం క్యాన్సర్ మొదలైంది. అదృష్టం కొద్దీ ఇంకా మెడలోకి దిగలేదు, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు.

ఆపరేషన్ ముందురోజు లాజరస్ ఆమె మంచం పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పదిమందిలో అలా నిలదీసినందుకు క్షమించమన్నాడు.

"ఛా, ఊరుకో. నువ్వు బుద్ధిమంతుడిలా తలొంచుకుని ఉంటే, నిన్నొక్కణ్నే బస్సెక్కించి నేను టికెట్లు ఇచ్చుకుంటూ కూర్చునేదాన్ని," అంది జ్ఞానవతి. తర్వాత అతని ముఖం వంక పరీక్షగా చూసింది. "మాట ముద్దగా వస్తోందేం? బుగ్గలో ఏముంది?"

లాజరస్ సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆమె సెలైన్ సూది లేని చెయ్యి చాపింది. "ఉమ్మెయ్."

ఆమె అరచేతిలోనే ఉమ్మేశాడు.