అన్న ఒప్పుకోని మాట

మీరు దయ్యాలను నమ్మరు, సరే. మీ చేత్తో ఒక దయ్యాన్ని తయారు చేయలేదని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలరా? నేను చెప్పలేను. నిన్న పొద్దున ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. ఏదో యాప్ వాళ్ళు నిబంధనలు మార్చారట, కొన్నాళ్ళలో నేను బదులివ్వకపోతే ఒప్పుకున్నట్టే అనుకుంటారట. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. నా మొహం చూసి మా ఇంటావిడ బీపీ మాత్ర మరిచిపోయాననుకుని మంచినీళ్ళు తెచ్చిపెట్టింది.

గిద్దలూరు, మార్కాపురం, యర్రగొండపాలెం వైపు హేతువాదులం కొందరం కలిసి, నెట్ సెంటర్లలో కూర్చుని రాసుకునే రోజుల్లోనే ఇంటర్నెట్‌లో చర్చలకు ఒక ఫోరం పెట్టుకున్నాం. అందులో మాకొక కట్టుబాటు ఉండేది, దాన్ని ఒప్పుకోలు అనేవాళ్ళం. ఎవరి వాదాన్నయినా ఖండించాలంటే ముందు ఆ వాదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పాలి. దాని కింద ఆ మనిషి 'అవును, నేనన్నది అదే' అని రాయాలి. అప్పుడే మన జవాబు. ఆయన రాయకపోతే ఎన్నాళ్ళయినా ఆగాల్సిందే. ఒకరు చేలో శనక్కాయ పీకుతుంటారు, ఇంకొకరు బోరు వేయించే హడావుడిలో ఉంటారు. మేము కోపాన్ని దాచిపెట్టుకుని వారం పది రోజులు ఎదురుచూసేవాళ్ళం. మార్కాపురంలో కంప్యూటర్ల దుకాణం నడిపే మా బావ వాస్తు మీద ఎవరి వాదాన్నో ఆరుసార్లు తిరిగి రాసి, ఆరోసారి కింద "ఇంతకీ నాకు దీంతో పేచీ ఏంది?" అని తనే అడిగాడు. ఆ కట్టుబాటు వల్ల మాలో చాలామందికి వినడం వచ్చింది. వాదించడం ముందే వచ్చు.

అందరిలోకీ కష్టమైన మనిషి, మేమంతా అన్న అని పిలిచే ఆయన. కొనకనమిట్ల దగ్గర పల్లె, కూలి పని, ఊళ్ళో చర్చి సంఘపెద్ద. మా మధ్య ఆయనొక్కడే విశ్వాసి. ఎందుకొచ్చావని మొదట్లో ఎవరో అడిగితే, "మీకు ఎదురు చెప్పేటోడు ఒకడన్నా లేకపోతే మీది గూడా ప్రార్థనే అయితాది తమ్ముడూ" అని ఒక్క వేలితో టైపు చేసి పెట్టాడు. ఒక కరువేడు గురించి ఆయన రాసిన మాట మీద నాకూ ఆయనకూ సంవత్సరాల తరబడి పేచీ. వాన రాలేదు, అయినా మేము ప్రార్థన మానలేదు, అది మాకు పని చేసింది అన్నాడు. ఆ వాదాన్ని నేను ఐదుసార్లు తిరిగి చెప్పాను. ఐదుసార్లూ అదే బదులు: "అట్ల గాదు తమ్ముడూ. ఇంకోసారి చూడు." ఎట్లో నువ్వే చెప్పన్నా అంటే, "కనుక్కో, అందుకేగా ఈ కట్టుబాటు" అని నవ్వు బొమ్మ పెట్టేవాడు.

జిల్లాలను విడదీసి మమ్మల్ని కొత్త ప్రకాశం జిల్లాలో ఉంచిన తరువాతి రోజుల్లో, ఆ ఫోరం నడిపే సంస్థ మూసేస్తున్నామని కబురు పెట్టింది. పాత రాతలన్నీ బావ కొత్త చోటికి మోసుకొచ్చాడు. రాతలొస్తే చాలదు, కట్టుబాటు కూడా రావాలన్నాను నేను. అయితే కొత్తగా చేరేవాళ్ళు వారాల తరబడి ఆగరని భయం. అందుకని ఒక ఉపాయం నేనే చెప్పాను: మూడు రోజుల్లో బదులు రాకపోతే యంత్రమే ఆ మనిషి పేరు కింద 'అవును, నేనన్నది అదే' అని వేస్తుంది. అందరూ సరేనన్నారు. అన్న ఏమీ రాయలేదు. అప్పటికే ఆసుపత్రిలో ఉన్నాడని తరువాత తెలిసింది. ఆయన కూడా సరేనన్నట్టే రాసుకున్నాం. కొత్త ఫోరం తెరిచిన వారానికి పోయినాడు.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా కదలని ఎండలో, ఫోరం తెరిచాను. అన్న పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. మనిషి లోపల ఉన్నాడని దాని గుర్తు. పేరు కింద ఆనాటి తేదీతో ఒక వాక్యం: 'అవును, నేనన్నది అదే.' ఎవరో ఆయన పాత వాదాన్ని తిరగదోడారు, మూడు రోజులైంది, యంత్రం తన పని చేసింది. నాకు ఆ సంగతి వెంటనే అర్థమైంది. అయినా చేతి మీద వెంట్రుకలు లేచాయి. కిందికి పోయి చూస్తే ఇంకొకటి, దాని కింద మరొకటి. బతికుండగా ఎవరికీ తేలిగ్గా తల ఊపని మనిషి, చచ్చాక అందరికీ ఊపుతున్నాడు.

అక్కడే ఆపించాల్సింది. నేనేం చేశానో చెబుతాను. కరువు ప్రార్థన చర్చ తెరిచి, అన్న వాదం ఇదీ అని రాశాను: 'వాన రాదని మాకు తెలుసు, భయం కొద్దీ అడిగాం.' మూడో రోజు మధ్యాహ్నం వరకు కాచుకుని కూర్చున్నాను. పచ్చ చుక్క వెలిగింది. 'అవును, నేనన్నది అదే.' ఆ గదిలో ఒక్కణ్ణే ఉన్నానని తెలిసీ వెనక్కి తిరిగి చూశాను. తరువాత నా జవాబు పెట్టాను. నా జీవితంలో అంత పదునుగా ఏదీ రాయలేదు. అందరూ మెచ్చుకున్నారు.

నాలుగు రోజులకు అన్న కూతురు ఫోన్ చేసింది.

"చిన్నాయనా, నాయన ఫోన్ అమ్మ కాడ ఉంది. రోజూ చార్జింగ్ పెట్టి తెరిచి చూసుకుంటాది. 'వాన రాదని మాకు తెలుసు, భయం కొద్దీ అడిగాం' అన్న మాట కింద 'మీ ఒప్పుకోలు నమోదైంది' అని వస్తాంది దాంట్లో. నాయన చచ్చినాక దేవుణ్ణి వద్దన్నాడా అని అమ్మ అన్నం మానేసింది."

అది యంత్రం పనమ్మా అన్నాను.

"దయ్యాలు లేవని ఊరూరా చెప్తారు గదా మీరు? మరి మా నాయన పేరు మీద మాట్లాడేది ఎవురు?"

బావకు ఫోన్ చేశాను. "తీసేస్తే నీ జవాబు గూడా పోతాది బావా, అది ఒప్పుకోలుకే కట్టేసుంది. అంత మంచిది మళ్ళా రాస్తావా ఏంది?" అన్నాడు. కాసేపు ఆలోచించాను, దాచను. తరువాత అన్నీ తీసేయమన్నాను. మూడు రోజుల లెక్క కూడా. మర్నాడు బస్సెక్కి ఆ పల్లెకు పోయాను.

వదిన వాకిట్లో కూర్చుని ఉంది, ఒళ్ళో ఆ ఫోను. "ఆ మాట అన్న రాసింది కాదు వదినా, నేను వేయించింది" అని చెప్పాను. ఫోను పక్కన పెట్టింది. "మరి ఆయన ఏమన్నాడు?" అంది. నాకు తోచినట్టు చెప్పాను: వాన కోసం కాదు, ధైర్యం కోసం ప్రార్థించామన్నాడేమో.

"అట్ల గాదు నాయనా" అంది. "ఆ ఏడు ప్రార్థనలో ఇంటింటి పేరూ చెప్పినాడు. ఫలానా ఇంట్లో గింజలైపోయినాయి, ఫలానా ఇంట్లో బాలింత పస్తులుంటాంది అని. దేవునికి తెలీదా ఏంది? మాకు తెలియాల. గుడి విడిచినాక ఎవురో ఒకరు ఆ ఇంటికి చాటెడు జొన్నలు మోసేటోళ్ళు."

ఇంటికొచ్చి, తీసేయించినదాన్ని లెక్కపెట్టకుండా, ఆ మాటలనే ఆరోసారి రాశాను. దాని కింద చోటు ఖాళీగా ఉంది. ఇక నిండదు. కాబట్టి నాకు జవాబు రాసే హక్కూ లేదు. కాలం మనుషుల్ని తీసుకుపోతుందే గాని, వాళ్ళ నోట మాటలు పెట్టదు. ఆ పని చేసేది బతికున్న మనమే. లేని మనిషి గురించి 'ఉంటే ఆయనా ఇదే అనేవాడు' అని మీరెక్కడ రాశారో, ఏ సభలో అన్నారో మీకు తెలుసు. ఈ కథ పక్కన పెట్టండి. వెళ్ళి ఆ మాట కొట్టేయండి. కొట్టేశామని ఆయన ఇంటివాళ్ళకు ఈరోజే చెప్పండి.