మూడు గుడ్డముక్కలు

మెడలో కొలతల టేపు తియ్యకుండా, కుట్టుమిషన్ మీదే నవల ఆనించుకుని చదువుతుంది టైలరమ్మ. ప్రేమకథలన్నా, మాయలోకాలన్నా ప్రాణం. నచ్చిన నవల పేరు నోటుబుక్కులో రాసి, ఆ రోజు కుట్టిన గుడ్డలోంచి చిన్నముక్క పక్కన అంటిస్తుంది. ఏడాది చివర చెల్లెల్ని కూర్చోబెట్టి అన్నీ చదివి వినిపిస్తుంది. ఈసారి చెల్లెలే నోటుబుక్కు లాక్కుంది. "ఇదేంటే అక్కా, ఈ రెక్కల రాకుమారుడి నవలని మూడుసార్లు ఎక్కించావ్? మనసు పారేసుకున్నావా ఏంటి?" అని పకపకా నవ్వింది. పచ్చముక్క, గళ్ళముక్క, నల్లముక్క. మూడింటి పక్కనా ఒకటే మాట: 'ఇలాంటి కథ ఇంతకుముందు చదవలేదు.' ఏ ముక్క ఎవరి బట్టలోదో టైలరమ్మ ఠక్కున చెప్పగలదు. ఆ నవల కథ మాత్రం ఎంత తడుముకున్నా గుర్తుకు రాలేదు. "అంత నచ్చిందే మరి" అని నవ్వేసింది. టేపు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అడిగింది: "నువ్వూ చదివావు కదే... చివరికి ఆ రాకుమారుడికి పిల్ల దక్కిందా?"