తలంటు పోసుకున్న బ్యాట్

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా వారితో పాటు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే పంజాబీ అంకుల్. రెండువేల పదమూడు, జూలై మొదటివారం. ఇంగ్లండులోని కోవెంట్రీలో మా ఇంటి తలుపు తీసేసరికి ఆయన ఒక చేతిలో మా వారి కోటు, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నారు. డబ్బా అందుకున్నాను. బరువుగా ఉంది. అంటే అన్నం తినలేదన్నమాట.

"కంగారు పడకు బేటీ. మీటింగులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. అంబులెన్సు వెంటనే వచ్చింది. నా కార్లో కూర్చో, పద" అన్నారు హిందీలో. పాపను స్కూలు నుంచి తన భార్య తీసుకొస్తుందని కూడా ఆయనే చెప్పారు. దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు ఆ దంపతులకి ఈ రోజుకీ ఒక నమస్కారం పెడతాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారే ఇంట్లో చెప్పారు. పాఠం అయ్యాక పుస్తకం మూయనిచ్చేవారు కాదు. ఇవాళ నీకు ఎవరు మేలు చేశారో చెప్పి అప్పుడు లే, అనేవారు. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఆ రోజు ఆ పాఠమే అప్పజెప్పుకున్నాను. వేరే ప్రార్థన ఏదీ గుర్తు రాలేదు.

స్ట్రోక్ అన్నారు డాక్టర్లు. ప్రాణం దక్కింది. తడబడిన మాట మెల్లగా తిరిగొచ్చింది. కాలు కర్ర సాయంతో నిలబడింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఒళ్ళో పెడితే ఒళ్ళో, బల్ల మీద పెడితే బల్ల మీద, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉండేది.

వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు వేల్స్‌లోని కార్డిఫ్ అమ్మాయి. నవ్వుముఖం. కానీ చెప్పాల్సింది దాచేది కాదు. "వాడని చేతిని మెదడు మర్చిపోతుంది. ఈ మొదటి నెలలు పోతే ఆ తర్వాత చాలా కష్టం" అంది. రెండు చేతులతో పట్టుకుని ఎత్తమని తేలికపాటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి, పిసకమని రబ్బరు బంతి ఒకటి ఇచ్చింది. ఆమె ఉన్నంతసేపూ మా వారు మొహమాటానికి చేసేవారు. గేటు చప్పుడు కాగానే గొట్టం సోఫా కింద.

"ఏవండీ, ఒక్కసారి పట్టుకోండి."

"చిన్నపిల్లల ఆటవస్తువులు. తీసెయ్."

గోడవైపు తిరిగి కూర్చునేవారు. రోజులు గడిచేకొద్దీ నాకు భయం పట్టుకుంది. చెయ్యి రాకపోవడం కన్నా, రావాలన్న ఆశే ఆయనకి లేకపోవడం చూసి.

మా ఇంట్లో మెట్ల పక్కన ఉన్న చిన్న గది సంగతి ఇక్కడ చెప్పాలి. పెళ్ళికి ముందు మా వారు ఉద్యోగం మీద కొంతకాలం అమెరికాలో ఉన్నారు. అక్కడ బేస్‌బాల్ ఆటలో ఒక బ్యాట్స్‌మన్‌ని చూసి మనసు పారేసుకున్నారు. ఇంగ్లండు వచ్చాక కూడా ఆ అభిమానం తగ్గలేదు. ఆ ఆటగాడు నిజంగా మైదానంలో పట్టుకుని ఆడిన బ్యాట్లు, ఒక్కో ఏడాదిది ఒక్కోటి, సేకరించడం మొదలుపెట్టారు. సంతకం చేసి అమ్మే కొత్తవి కావు. కొట్టి, దెబ్బతిని, నల్లబడినవి. గది గోడకి బిగించిన కొక్కేలమీద అవి వరసగా వేలాడేవి. కుర్రతనంలో వాడినవి పిడి సన్నంగా ఉండేవి. వయసు పైబడ్డాక వాడినవి పిడికి గుడ్డపట్టీ చుట్టి లావుగా ఉండేవి.

"ఇదిగో చూడు, ఇక్కడ బంతి తగిలింది. కుట్టు అచ్చు ఎర్రగా ఎలా పడిందో" అని నాకు చూపించేవారు. పిడికి పట్టు కోసం ఆటగాళ్ళు పూసుకునే నల్లటి తారు, దానిలో అంటుకుపోయిన మైదానం మట్టి, ఆయనకి అదంతా ప్రాణం. పాత ఫోటోల్లో చెక్క గీతలు, ఈ బ్యాట్ మీది గీతలు భూతద్దంతో సరిపోల్చి, అవునో కాదో తేల్చేవారు. తెల్ల నూలు తొడుగులు లేకుండా తాను కూడా ముట్టుకునేవారు కాదు. ఆ ఆటగాడి చివరి ఏడాది బ్యాట్ కోసం చాన్నాళ్ళు ఎదురుచూశారు. స్ట్రోక్ రావడానికి కొద్ది వారాల ముందే అది పార్సిల్లో వచ్చింది.

సెప్టెంబరులో విజిటర్ వీసా మీద మా అత్తగారు వచ్చారు. గోదావరి జిల్లా మనిషి. దిగిన రోజే కొడుకు చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు నిమిరారు. ఆ తర్వాత కన్నీళ్ళు పెట్టలేదు. వంటింట్లోకి వచ్చి, "మిరియాలు ఎక్కడున్నాయే అమ్మాయ్?" అన్నారు. ఇల్లు ఊపిరి పీల్చుకుంది.

ఆ చిన్నగదిలోకి తొంగి చూసి ఆవిడ అన్న మొదటి మాట: "ఇన్ని రోకళ్ళెందుకే వీడికి? ఏం దంపుతాడు?"

తొమ్మిదేళ్ళ మా అమ్మాయి పడీపడీ నవ్వింది. "నానమ్మా, దే ఆర్ బ్యాట్స్! డాడీవి. నో టచింగ్, ఓకే?"

"సర్లేవే, నీ ఇంగ్లీషూ నువ్వూనూ. ముట్టుకోను" అన్నారావిడ. పాపం, ఆ రోజు ముట్టుకోలేదు కూడా.

మహర్నవమి వచ్చింది. ఆయుధపూజ. మా ఇంట్లో ఆ రోజు బతుకు నడిపే ప్రతి పనిముట్టూ తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి దేవుడి ముందు ఉంచుతాం. కత్తిపీట, కత్తెర, పాప పెన్ను, కారు తాళాలు. నేను మందుల షాపుకి వెళ్ళి, అటునుంచి పాపను తన స్నేహితురాలి ఇంటి దగ్గర కార్లో ఎక్కించుకుని ఇంటికి వచ్చేసరికి దేవుడి మూల నిండుగా ఉంది. నడుమ, గోడకి ఆనించి, చివరి ఏడాది బ్యాట్. నిగనిగలాడుతోంది. అడుగునుంచి చివరిదాకా పసుపు, మీద కుంకుమ బొట్లు, పిడికి చామంతిపూల దండ.

మిగతా బ్యాట్లు వంటింటి నేల మీద న్యూస్‌పేపర్ పరిచి వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. పక్కనే కొబ్బరినూనె గిన్నె, శనగపిండి, వేడినీళ్ళ బకెట్టు. అత్తగారు కొంగు నడుముకి దోపుకుని రెండోదానికి నూనె పట్టించబోతున్నారు.

"నానమ్మా! యూ వాష్డ్ ఇట్!" పాప కేక వీధికి వినపడి ఉంటుంది.

"ఏమైందే? ఎంత జిడ్డో తల్లీ, తారు! నూనె రాసి నానబెట్టి, శనగపిండితో రుద్దితే గానీ వదల్లేదు. ఆ పిడికి చుట్టిన గుడ్డ అయితే చెప్పనక్కర్లేదు, రోత. వాడి పనిముట్లు కదా, మురికితో దేవుడి ముందు ఎలా పెడతాం?"

ఆవిడ పక్కనున్న నూనె గిన్నె దూరంగా జరిపాను. "అత్తయ్యగారూ, ఆ మురికే దాని విలువండీ."

"మురికికి విలువేంటే!"

ఎలా చెప్పను? ఆ తారు, ఆ ఎర్ర కుట్టు అచ్చులు ఉంటేనే అది ఆ ఆటగాడు వాడిన బ్యాట్ అని నమ్ముతారని, అవి పోతే మామూలు కట్టె అని నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. ఆవిడ మొహం మెల్లగా పాలిపోయింది. నూనెచేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. "అయ్యో... వాడసలే అలా ఉన్నాడు. నా చేత్తో నేనే..."

ముందుగదిలోంచి మా వారి గొంతు వినపడింది. "దాన్ని ఇలా తీసుకురండి."

నేనే తీసుకెళ్ళాను. ఆయన ఒళ్ళో అడ్డంగా పెట్టాను. తలుపు దగ్గర అత్తగారు, ఆవిడ కొంగు పట్టుకుని పాప. ఆయన ఎడమచేత్తో బ్యాట్ పొడుగునా తడిమారు. బంతి అచ్చులు ఉండాల్సిన చోట వేలు ఆగింది. అక్కడ పసుపు తప్ప ఏమీ లేదు. వంగి వాసన చూశారు. నేను లోపల్లోపల దేవుణ్ణి తలుచుకుంటున్నాను.

"అమ్మా," అన్నారు మెల్లగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ, "దీనికి తలంటు పోసేశావా?"

నవ్వారు. స్ట్రోక్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. ఒక పక్కకే వచ్చిన వంకర నవ్వు. అంత అందమైన నవ్వు నేను చూడలేదు. అత్తగారు ఏడుస్తూ నవ్వుతూ, "పోశాన్రా నాన్నా, కుంకుడుకాయ దొరక్క శనగపిండి వాడాను" అన్నారు. పాప నేల మీద దొర్లింది.

మర్నాడు విజయదశమి. పూజలో పెట్టిన పనిముట్టుని హారతి అయ్యాక ఎవరిది వాళ్ళు తీసి, దానితో ఎంతో కొంత పని చెయ్యాలి. మా అత్తగారింటి పద్ధతి అది. నేను కత్తిపీట తీసి ఒక వంకాయ తరిగాను. పాప పెన్నుతో నానమ్మ పేరు రాసింది. మిగిలింది బ్యాట్.

"తియ్యరా" అన్నారు అత్తగారు.

"నాకు చెయ్యి లేదు కదమ్మా."

"ఉంది. నేనే కన్నాను, నాకు తెలుసు. తియ్యి. పూజలో పెట్టింది తియ్యకుండా వదిలేస్తే దోషం."

ముందురోజు మొహం పాలిపోయిన మనిషేనా అనిపించింది. ఆయన ఎడమచేత్తో బ్యాట్ అందుకున్నారు. ఆవిడ పక్కన కూర్చుని, ఆయన కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే తెరిచి, గుడ్డ చుట్టిన ఆ లావు పిడి మీద మూశారు. తొడుగుల్లేవు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా వట్టి చేత్తో పట్టుకోని పిడి అది. ఆయన కళ్ళు మూసుకున్నారు. బ్యాట్ మోకాళ్ళ మీదినుంచి కొద్దిగా లేచింది. ఎడమచెయ్యే ఎత్తిందని మా అందరికీ తెలుసు. కానీ కుడిచేతి వేళ్ళు జారిపోలేదు.

"ఇంకోసారి" అన్నారు. ఆ మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో.

తర్వాత వచ్చిన ఫిజియో అమ్మాయి సోఫా పక్కన నిలబెట్టిన బ్యాట్ చూసి గుమ్మంలోనే ఆగింది. "ఈ దేశంలో దీంతో ఆట ఆడేవాళ్ళు తక్కువ, మనుషుల్ని కొట్టడానికి ఉంచుకునేవాళ్ళే ఎక్కువ. ఎవరింట్లోనైనా తలుపు పక్కన ఇది కనపడితే నేను వెనక్కి తిరిగి పరుగెత్తాలి" అంది. సంగతి చెబితే కడుపు పట్టుకుని నవ్వింది. కార్డిఫ్‌లో బేస్‌బాల్ లాంటి ఆట ఒకటి ఉందట. వాళ్ళ అమ్మ, తాను పార్కులో ఆడేవారట. వాళ్ళ బ్యాట్ ఒకవైపు చదునుగా ఉంటుందట. "లేవండి, ఎలా నిలబడాలో చూపిస్తాను" అని ఆయన భుజాలు పట్టుకుని తిప్పింది. ప్లాస్టిక్ గొట్టం ఆ రోజే తన సంచీలో వేసుకుని పోయింది.

చలికాలం అంతా రోజూ అదే సాధన. కొన్నిరోజులు బ్యాట్ జారి కాలి మీద పడేది. కొన్నిరోజులు ఆయనే విసుగుతో పక్కకి తోసేసేవారు. అత్తగారు మళ్ళీ తెచ్చి ఒళ్ళో పెట్టేవారు. వసంతంలో, ఆవిడ వెళ్ళిపోయే ముందు వారం, పెరట్లో పాప చుట్టచుట్టిన సాక్సు విసిరితే ఆయన రెండు చేతులతో కొట్టారు. అది ఎగిరి పక్కింటి కంచె మీద వేలాడింది. అత్తగారు దిష్టి తీశారు. ఎవరికో తెలీలేదు, కొడుక్కో, కర్రకో.

చెయ్యి మొత్తం రాలేదు. సంతకం ఇప్పటికీ వంకరే. కానీ స్పూన్ పట్టుకుంటారు, చొక్కా గుండీలు పెట్టుకుంటారు, మరుసటి ఏడాది మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళారు. తడవని బ్యాట్లు చిన్నగదిలోనే ఉన్నాయి, తొడుగులతో సహా. తన లాంటి సేకర్తలు చివరి ఏడాది బ్యాట్ ఫోటో అడిగితే, మా వారు పసుపు బొట్లతో సహా ఫోటో పంపించారు. వాళ్ళేమనుకున్నారో నాకు తెలీదు. ఆయన మాత్రం వారం రోజులు నవ్వుకుంటూ తిరిగారు.

అత్తగారు ఊరు వెళ్ళాక ప్రతి ఫోనులోనూ అడిగేవారు. "ఆ కర్ర పాడుచేశాను కదే. వాడు నా మొహం చూసి ఏమీ అనలేదు గానీ." మా వారు ఫోను లాక్కుని, కుడిచేత్తోనే చెవికి ఆనించుకుని, "అమ్మా, నువ్వు పాడు చెయ్యలేదే" అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి నమ్మకం కుదరలేదు. రెండేళ్ళ కిందట నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆ దిగులు పూర్తిగా తీరి వెళ్ళారో లేదో నాకు తెలియదు.

అందుకే ఇది చదివేవారిని ఒకటి అడుగుతున్నాను. ఈ దసరాకి మీ ఇంట్లో కత్తెరో సుత్తో తుడిచి బొట్టు పెట్టేటప్పుడు, కోవెంట్రీలో ఒక వంటింటి నేల మీద కూర్చుని, కొడుకు వస్తువని అంత శ్రద్ధగా తారు వదిలించిన ఆ పెద్దావిణ్ణి ఒక్కసారి మనసులో తలుచుకోండి.