బూడిద చల్లిన సాలు

ఎనభైల చివర్లో పటాన్‌చెరు దగ్గర ఒక పరిశోధన క్షేత్రంలో నా ఉద్యోగం పేనుబంకను పెంచడం. రైతులు చంపలేక నానా తంటాలు పడే పురుగును నేను ప్రాణంగా సాకేవాణ్ని. నూనెగింజల కోసం వేసే కుసుమ పంట మడిలో అక్కడక్కడా పురుగు ఇష్టంగా తినే రకం ఒక సాలు వేసి, దాని మీద నల్లటి పేనుబంకను దట్టంగా పెంచేవాళ్లం. ఆ కొమ్మలు తుంచి మిగతా మొక్కలకు అంటించేవాళ్లం. ఏ రకం చస్తుందో, ఏది తట్టుకుంటుందో చూడటమే పని. పురుగుమందు మాట ఎత్తకూడదు.

పురుగులు లెక్కపెట్టేది పక్కూరు లక్డారం నుంచి వచ్చే ఒక కూలీ మనిషి. కొమ్మ చివర వేలెడు మేర ఎన్ని ఉన్నాయో ఉత్త కళ్లతో చెప్పేది. నేను భూతద్దం పెట్టి చూసినా అదే సంఖ్య వచ్చేది. కుసుమ ముళ్లకు ఆమె చేతులన్నీ గీరుకుపోయి ఉండేవి. ఈ పురుగుల్లో ఆడది మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని కంటుందని ఒకసారి చెబితే పడీ పడీ నవ్వింది.

"మొగడు లేని కాపురమా సారూ? గిదే నయమున్నది!"

ఆమె భర్త రసాయనాల ఫ్యాక్టరీలో పనికి పోయి, ఊపిరాడని జబ్బుతో మంచం పట్టాడు. ఆ సంవత్సరం మా కూలీల్లో ఒకరిని పర్మినెంటు చేస్తామన్నారు. పేరు రాసేది నేను. ఆమె పేరే రాస్తానని చెప్పాను కూడా. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె రోజులు నెట్టుకొస్తోంది.

ఆ చలికాలం ఒక సాలు నన్ను పిచ్చివాణ్ని చేసింది. చుట్టూ మొక్కలన్నీ బంక కారి వాడిపోతుంటే అది మాత్రం నిగనిగలాడుతూ నిలబడింది. కొమ్మకు నాలుగైదు పురుగులు, అంతే. అబ్బ, నా సంబరం చూడాలి! పెద్దసారును చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను. క్యాంటీన్‌లో కనపడ్డవాడికల్లా చెప్పాను. పేనుబంకను తట్టుకునే రకం దొరికింది, ఇక నా పేరు మారుమోగిపోతుందని గాల్లో తేలాను.

ఒకరోజు తెల్లవారగానే వెళితే, ఆకుల మీద మంచు ఆరకముందే ఆమె ఆ సాలులో ఉంది. పాత గుడ్డలో మూటకట్టిన పొయ్యి బూడిదను కొమ్మ కొమ్మ మీదా చల్లుతోంది. తడి మీద బూడిద అతుక్కుంటే పురుగు రాలిపోతుంది. ఆ ఊళ్లలో అందరూ చేసే పనే.

"ఏం చేస్తున్నావ్?" అని అరిచాను.

మూట కింద పడేసింది. "సారూ, గిది మా ఇత్తనం. మా అత్త దాసిపెట్టింది. మీ సార్లే అచ్చి పట్కపోయిన్రు. ఇగ మా భూమి ఫ్యాక్టరీ కింద పాయె, గిది యాడ దొర్కది. కండ్ల ముంగట సస్తుంటే సూడలేకపోయిన. లెక్క మాత్రం తప్పు చెప్పలే సారూ, ఉన్నయే చెప్పిన."

సాలు చివర నంబరు పలక తప్ప పేరు లేదు. ఆకుకు ముళ్లు తక్కువగా ఉండటం చూసి గుర్తుపట్టిందట.

పెద్దసారుకు నిజం చెప్పక తప్పలేదు. ఆయన నలుగురి ముందూ పగలబడి నవ్వాడు. "అయితే ప్రమోషన్ పొయ్యికే ఇవ్వండయ్యా!" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఆయన మీద చూపించలేని మంట ఎవరి మీద చూపించాలో నాకు బాగా తెలుసు.

మర్నాడు కూలీలందరినీ ఆ సాలు దగ్గర నిలబెట్టాను. పురుగు పట్టిన కొమ్మలు గంపెడు కోయించి ఆమె ముందు పెట్టించాను.

"నీ విత్తనానికి నీ చేతుల్తోనే అంటించు. ఒక్క మొక్క వదిలినా రేపట్నుంచి పనికి రావద్దు. బుద్ధిగా చేస్తే నీ పేరు రాస్తాను."

"రాస్తరా సారూ?"

"రాస్తానన్నానుగా!"

చేసింది. పది రోజుల పాటు చేసింది. పురుగు పలచబడిన చోట నేను వేలు చూపిస్తే వంగి మళ్లీ అంటించింది. రోజూ లెక్క కూడా ఆమెతోనే, అందరూ వినేలా చెప్పించాను. తోటి ఆడవాళ్లు మొదటి రోజు నవ్వారు. మూడో రోజుకు మొహాలు తిప్పుకున్నారు. నాకైతే హాయిగా ఉండేది. అబద్ధం దేనికి, చాలా హాయిగా ఉండేది. చివరికి సాలు సాలంతా మాడిపోయింది. రికార్డులో 'తట్టుకోలేదు' అని రాశాను.

తర్వాత జాబితాలో ఇంకొకావిడ పేరు రాశాను. కోపంలో రాశానని చెప్పుకుందామంటే, అప్పటికి నా కోపం చల్లారిపోయింది. చల్లారాకే రాశాను.

జాబితా గోడకు అంటించిన రోజు ఆమె నా గది గుమ్మం దగ్గరకు వచ్చింది. ఏడిస్తే కసురుకుందామని సిద్ధంగా ఉన్నాను.

"నా పేరు లేదంటున్నరు సారూ."

"లేదు."

"మీరు చెప్పినట్టే చేసిన గద."

"చేశావు. అందుకే ఇంకా కూలీకి రానిస్తున్నాను."

ఆమె ఏడవలేదు. నన్ను ఎగాదిగా చూసింది. "పురుగుకు ఆకలైతది, తింటది. మీకేమైంది సారూ?"

"బయటికి నడు" అన్నాను. వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పనికి వచ్చింది. రాక ఎక్కడికి పోతుంది, ఇంట్లో మంచాన మనిషి. కొత్త మడిలో కొమ్మ పట్టుకుని, నా వైపు చూడకుండా లెక్క చెప్పింది. నేను రాసుకున్నాను.