పెద్దకోడలు విలనేనా?

ఒక్క ఫోన్‌తో అటు నా ఉద్యోగాన్నీ, ఇటు మా పిన్ని ఇంటి ప్రశాంతతనూ గోదాట్లో కలిపిన ఘనత నాది. చెప్తాను, నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ చెమటలే.

డిగ్రీ అయిపోయి పినపాకలో గోళ్ళు గిల్లుకుంటున్న రోజులు. టీవీ సీరియళ్ళ గురించి రాసే ఒక వెబ్‌సైట్ నన్ను ట్రయల్‌కి తీసుకుంది. వాళ్ళిచ్చిన సీరియల్లో ఎవరు మంచివాళ్ళో, ఎవరు విలన్లో తేల్చి, నమ్మదగిన ఆధారంతో సాయంత్రానికి పంపాలి. నచ్చితే ఉద్యోగం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేను అప్పటికే వీధంతా స్వీట్లు పంచేశాను. ఇప్పుడది రాకపోతే గడప దాటలేను.

నేనా, జన్మలో సీరియల్ చూసినదాన్ని కాను. అందరూ తేలారు గానీ పెద్దకోడలి దగ్గర ఆగిపోయాను. ఒక యూట్యూబ్ ఛానల్ ఆవిడ బొమ్మకు కొమ్ములు పెట్టింది. ఇంకోటి ఆవిడ ఫోటోకు పూలదండ వేసి 'దేవత' అంది. ఎవరిని నమ్మను? పక్కింటి అక్కను అడిగాను.

"ఆమె వస్తే ఉరుము సప్పుడైతది. విలనే," అంది.

"ఉరుము టీవీలనా, బయటనా అక్కా?"

అక్క ఆలోచనలో పడింది. మా దగ్గర వానాకాలంలో ఆ తేడా చెప్పడం కష్టం.

పొద్దు వాలుతోంది. కాలు ఒకచోట నిలవడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది చర్లలో ఉన్న మా పిన్ని. ఆవిడ ఒక్క ఎపిసోడ్ వదలదు. సిగ్నల్ కోసం ఇంటి చుట్టూ తిరుగుతూ అరిచాను. "పిన్నీ, సీరియల్‌ల పెద్దకోడలు ఎసుంటిది? మంచిదా, చెడ్డదా?"

ఇందులో 'సీరియల్‌ల' అన్న ముక్క దారిలో ఏ అడవిలోనో రాలిపోయిందని నాకేం తెలుసు?

పిన్ని గొంతు తగ్గించింది. "నీకెవ్వరు జెప్పిన్రు?"

"అందరు గదే అంటున్నరు."

"పినపాక దాకా పోయిందా ముచ్చట? పోనీ, మంచిగైంది."

"ఏం జేసింది పిన్నీ?"

"ఏం జెయ్యలేదో అడుగు. ముద్దుగ పెరిగిన కరివేపాకు చెట్టు కొట్టిచ్చింది. ఏందంటే పురుగు పట్టిందంటది."

"విషం గిట్ల పెట్టిందా?"

"విషమే నయం. ఉప్పు లేని పప్పు పెడ్తది. బీపీ అని వంక."

"మరి మొగుడు?"

"మావోడు బంగారం. పెండ్లయినంక నోరు పోయింది."

హీరోను 'మావోడు' అనేంత అభిమానం. ఇంతకంటే నమ్మదగిన ఆధారం ఎక్కడ దొరుకుతుంది? ఉప్పు లేని పప్పుతో హింస, ఆ రచయితకు చేతులెత్తి మొక్కాలనిపించింది. చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు లోకువ అంటారు. నేను వినడమే కాదు, టైప్ కూడా చేశాను. ఆధారం దగ్గర పిన్ని పేరు, ఊరు రాసి పంపేశాను. వాళ్ళు సరిచూడకుండానే సైట్‌లో పెట్టేశారు. పిన్నికి లింకు పంపితే, తన పేరు ఒక్కటే చదువుకుని, 'మా అక్క బిడ్డ రాసింది' అంటూ చుట్టాల గ్రూపులో వేసింది.

తెల్లారి వెబ్‌సైట్ మేడం ఫోన్ చేశారు.

"పెద్దకోడలు పోయిన నెలే చచ్చిపోయింది కదమ్మా. ఫోటోకు దండ కూడా వేశారు. మరి ఆ కరివేపాకు చెట్టు ఎవరు కొట్టించారు?"

చెట్టు సంగతి తేలలేదు. ఉద్యోగం సంగతి మాత్రం ఆ ఫోన్‌లోనే తేలిపోయింది, లేదని.

ఏడుద్దామని కూర్చుంటే ఇంకో ఫోన్. పిన్ని పెద్దకోడలు, మా పద్మ వదిన. కరివేపాకు, పప్పు, బీపీ, మావోడు, అన్నీ అప్పుడు వరసగా అర్థమయ్యాయి.

"నీ రాత సదివిన," అంది వదిన, నెమ్మదిగా. "సీరియల్‌ల ఆమె అంటే సచ్చిపోయింది, అడగలేవు. నేను బతికే ఉన్న గద పిల్లా. ఒక్క ఫోన్ జేస్తే నా దిక్కు ముచ్చట గూడ జెప్పేదాన్ని."

సిగ్గుతో చచ్చాను. ఉద్యోగం పోయినందుకు కూడా అంత బాధ కలగలేదు.

అందుకే భద్రాద్రి రామయ్య సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక మీదట ఎవరినైనా విలన్ అనేముందు వాళ్ళకే ఫోన్ చేస్తాను. చచ్చిపోయి ఉంటే దండం పెట్టి ఊరుకుంటాను. పిన్నిని మాత్రం పొరపాటున కూడా అడగను. ఆవిడకు ఈ మధ్యే చిన్నకోడలు కూడా వచ్చింది.