గాజువాక నుంచి పొడి చొక్కాతో

జగదాంబ దగ్గర కళ్ళద్దాల షాపులో చేరినప్పుడు, ఎలా వస్తావని ఓనరు అడిగితే బస్సులో అని చెప్పాను. సైకిలంటే చిన్నచూపు చూస్తాడేమోనని భయం. మా గది గాజువాకలో. సింధియా మీదుగా, పోర్టు లారీల పక్కనుంచి గంటకు పైగా తొక్కి, సైకిల్‌ని షాపు వెనక సందులో పెట్టేవాణ్ణి.

మాది మనిషికి బాగా దగ్గరగా నిలబడి చేసే పని. ఫ్రేము తొడిగి, చెవుల వెనక సరిచేసి, ముక్కు మీద సరిగా కూర్చుందో లేదో చూడాలి. మే నెలలో ఒకావిడ, నేను వంగగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆమె వెళ్ళాక ఓనరు నన్ను పక్కకు పిలిచి, శుభ్రంగా ఉండడం చేతకాకపోతే రానక్కర్లేదన్నాడు. గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

మర్నాటి నుంచి బనీనుతో తొక్కి, యూనిఫాం చొక్కా సంచిలో తెచ్చుకునేవాణ్ణి. సందులో కుళాయి దగ్గర నాలుగు చెంబులు పోసుకుని వెంటనే తొడిగేసేవాణ్ణి. కౌంటరు చేరేసరికి వీపు మళ్ళీ తడిసేది. సెంటు కొట్టి చూశాను, చెమటతో కలిసి ఇంకా ఘోరమైంది. ఎవరు ముక్కు తుడుచుకున్నా నా గురించే అనిపించేది.

ఒక సోమవారం కాన్వెంట్ జంక్షన్ దగ్గర హార్బర్ నుంచి వచ్చిన చేపల లారీ వెనక ఆగాను. అది కుదుపుతో కదిలింది. ఐసు కరిగిన నీళ్ళు వెనక తలుపు మీంచి పొర్లి నా మీదా, హ్యాండిల్‌కి తగిలించిన సంచి మీదా పడ్డాయి. చొక్కా పూర్తిగా తడిసింది. ఇంటికి వెళ్ళి వచ్చే టైము లేదు.

సందులో ఇస్త్రీ బండి పెట్టుకున్నతను నా ఈడువాడే. నా అవతారం చూసి సబ్బు ఇచ్చాడు. చొక్కా రెండుసార్లు ఉతికి పిండి ఇస్తే, దాని మీద బొగ్గుల పెట్టె నడిపాడు. ఈలోగా నేనూ ఒళ్ళంతా రుద్దుకుని వచ్చి చెయ్యి చాపాను. అతను చొక్కా ఇవ్వలేదు.

"ముందు కూకో బావా. సైకిలు దిగీసి, ఒళ్ళు సల్లబడకుండానే సొక్కా తొడిగేత్తన్నావ్. మరి సెమట పట్టకేటవుద్ది? రోజూ సూత్తన్నాను."

షాపు తెరిచే వేళ దగ్గరపడుతోంది. అయినా గోడ నీడలో కూర్చున్నాను. అప్పుడే ఓనరు స్కూటరు సందులోకి తిరిగింది. తడి బనీనుతో ఉన్న నన్నూ, పక్కనున్న సైకిల్‌నీ చూశాడు.

"ఎవరిదిది?"

"నాదే సార్. రోజూ గాజువాక నుంచి దీని మీదే వస్తున్నాను. బస్సని అబద్ధం చెప్పాను."

ఆయన స్కూటరుకి స్టాండు వేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఇక ఉద్యోగం లేదనుకున్నాను. అయినా ఒళ్ళు ఆరాకే చొక్కా తొడుక్కున్నాను. కాలరు ఇంకా కొంచెం చెమ్మగానే ఉంది.

మొదటి కస్టమరు, కంటి ఆపరేషన్ చేయించుకున్న ముసలావిడ. ఓనరు సరిగ్గా నా వెనకే నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి వంగి ఫ్రేము పెట్టాను. ఆవిడ మొహం చిట్లించింది. నా చేతులు ఆగిపోయాయి.

"ఎడం చెవి కాడ గట్టిగా ఉంది నాయనా" అంది.

అంతే. చెవి దగ్గర వదులు చేసి మళ్ళీ పెట్టాను. ఆవిడ అద్దంలో చాలాసేపు చూసుకుంది.

సాయంత్రం ఓనరు షాపు తాళంచెవి ఒకటి నా ముందు పెట్టి, అరగంట ముందొచ్చి వెనక బాత్రూం వాడుకోమన్నాడు. ఎలాగూ ముందే వస్తాను కాబట్టి షాపు కూడా ఊడ్చెయ్యమన్నాడు. అప్పటి నుంచి ముందు ఊడ్చి, తర్వాత నీళ్ళు పోసుకుని, ఫ్యాను కింద వీపు ఆరేదాకా కూర్చునేవాణ్ణి. చొక్కా తొడుక్కోవడం అన్నిటికంటే చివర్న.